తాతగారి పిస్తోలు ఎంత చేస్తుంది?



పాత ఆయుధాల గురించి నాలుగు మాటలు తెలుసని పేరు పడ్డాక, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి నాకు ఒకే రకం ప్రశ్న వస్తూ ఉంటుంది. "ఊళ్లో ఇల్లు అమ్మేశామండీ. సామాను సర్దుతుంటే తాతయ్య ట్రంకు పెట్టె అడుగున ఒక పిస్తోలు బయటపడింది. యుద్ధకాలం నాటిదట. ఎంత చేస్తుంది?" అడిగేవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. కొందరు ఉభయగోదావరుల నుంచి వచ్చినవాళ్లు, కొందరు నల్లగొండ, మెదక్ వైపువాళ్లు, కొందరు పాతబస్తీలో పుట్టి గేటెడ్ కమ్యూనిటీకి మారినవాళ్లు. అప్పటికే ఇంటర్నెట్‌లో ధర చూసుకుని ఉంటారు, డాలర్లలో. నా నోటి వెంట అదే అంకె వినాలని వాళ్ల ఆశ.

ఆ ఆశను తప్పుపట్టలేం. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేదనుకున్న నేలకు ఆ ధర వచ్చినప్పుడు, తాతల నాటి ఇనుముకు మాత్రం ఎందుకు రాదు అనిపిస్తుంది మరి. పైగా ఈ ప్రాంతానికి సైన్యంతో సంబంధం కొత్తదేమీ కాదు. 1998లో సైబర్ టవర్స్ లేచిన ఈ చుట్టుపక్కల రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ రాయదుర్గ్ పాయగా, రాయదుర్గ్ పన్‌మక్తా అన్న పేర్లే ఉన్నాయి. పాయగా అమీర్లంటే నిజాం కోసం గుర్రపు దళాలను పోషించి, ఆ ఖర్చుకు జాగీర్లు పొందిన కుటుంబాలు.

అయినా నా జవాబు చాలామందికి రుచించదు. మన దేశంలో యుద్ధకాలపు పిస్తోలు ధరను ముందుగా తేల్చేది దాని గొట్టం కొలత. ఆ తర్వాత దాని వెంట ఉన్న లైసెన్సు కాగితం. అది ఎంత అరుదైనదో, ఎంత నిగనిగలాడుతోందో అన్నవి మూడో వరసలో కూర్చునే సంగతులు. అమెరికాలో ఈ వరస సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

ధర మాట కాసేపు పక్కన పెట్టి, పెట్టె మూత తెరిచిన క్షణం గురించి చెప్పనివ్వండి. చేతిలోకి తీసుకోకండి. తీసుకుని మీట నొక్కి చూడడం, పిల్లాడి చేతికిచ్చి ఫోటో తీయడం, ఆ ఫోటోను ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం ఇవేవీ వద్దు. ఎనభై ఏళ్ల నాటి తూటా పేలదని ఎవరో చెబుతారు. చల్లగా, పొడిగా ఉన్న పెట్టెలో పడి ఉన్న తూటా పేలవచ్చు. రివాల్వర్ అయితే తూటాలున్నదీ లేనిదీ వెనక నుంచి కొంత కనబడుతుంది. పిస్తోలు అయితే పిడిలోని మ్యాగజైన్ తీసేసినా గొట్టంలో ఒక తూటా మిగిలిపోయి ఉండొచ్చు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఆ ఒక్క తూటాతోనే.

రెండో సంగతి చట్టం. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, లైసెన్సుదారు చనిపోయినా, మరే కారణం వల్లనైనా ఆ ఆయుధం మన దగ్గర ఉండడం చట్టబద్ధం కాకుండా పోయినా, అనవసర జాప్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గాని, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గాని జమ చేయాలి. "మరి దాన్ని సంచిలో పెట్టుకుని ఠాణాకు వెళ్లమంటారా?" అని అడుగుతారు. వద్దు. దారిలో తనిఖీ జరిగితే మీరు చెప్పే కథ ఎవరూ వినరు. ముందు ఉత్తి చేతులతో వెళ్లి, ఫలానా చోట ఫలానా వస్తువు దొరికిందని రాతపూర్వకంగా చెప్పండి, అందిన రసీదు తీసుకోండి. వాళ్లే వచ్చి తీసుకుంటారు, లేదా ఎలా తీసుకురావాలో చెబుతారు. ఒక వకీలును వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. దొరికిన మర్నాడు చెప్పిన మనిషికీ, ఏడాది దాచుకుని పట్టుబడిన మనిషికీ చట్టం ముందు చాలా తేడా ఉంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని మామూలు తుపాకీకే కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు. నిషేధిత ఆయుధమైతే 7 ఏళ్ల దగ్గర మొదలై 14 దాకా వెళ్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. వస్తువు వ్యాపారి దగ్గరో ఠాణాలోనో భద్రంగా ఉంది. విలువ కట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను కథ దగ్గర మొదలుపెడతాను. ప్రతి పిస్తోలు వెంటా ఒక కథ వస్తుంది. "మా తాత మిలిటరీల ఉండెనట సార్, లడాయి నుంచి తెచ్చిండట." ఆ "అట" ఉంది చూశారూ, దాన్ని తీయగలిగితే విలువ పెరుగుతుంది, తీయలేకపోతే లేదు. ప్రభుత్వం సైనికుడికిచ్చిన రివాల్వర్ ప్రభుత్వానిదే. సర్వీసు అయిపోగానే తిరిగి అప్పగించి సంతకం పెట్టి రావాలి. కాబట్టి తాతగారి పిస్తోలు ఇంటికి రావడానికి మిగిలిన దారులు మూడు నాలుగే. అధికారి హోదాలో సొంత డబ్బుతో కొనుక్కుని ఉండాలి. అప్పట్లో అధికారులు తమ రివాల్వర్ తాము కొనుక్కోవడం మామూలే. లేదా శత్రువు దగ్గర దొరికినదాన్ని తెచ్చుకుని ఉండాలి. లేదా రిటైరయ్యాక వ్యాపారి దగ్గర లైసెన్సు మీద కొని ఉండాలి. నాలుగో దారి చెప్పడానికి ఎవరూ ఇష్టపడరు.

హైదరాబాద్ కుటుంబాల్లో ఈ కథను పరీక్షించడానికి చరిత్ర బాగా సాయపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్స్ దళం జోధ్‌పూర్, మైసూర్ దళాలతో కలిసి 15వ అశ్విక బ్రిగేడ్‌లో సూయజ్ దగ్గరా, పాలస్తీనాలోనూ పనిచేసింది. ఢిల్లీ తీన్‌మూర్తిలో నిలబడ్డ మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవే. ఆ దళంలో అధికారిగా పనిచేసిన పూర్వీకుడి పెట్టెలో వెబ్లీ రివాల్వర్ దొరికిందంటే నమ్మడానికి అభ్యంతరం లేదు. కానీ "మా తాత హైఫా మీద గుర్రపు దాడిలో వాడిన రివాల్వర్ ఇది" అంటే మాత్రం ఆగి అడగాలి. 1918 సెప్టెంబరు 23న హైఫా మీదికి దూకినవి జోధ్‌పూర్, మైసూర్ దళాలు. హైదరాబాద్ వాళ్లు ఆ రోజుల్లో ఖైదీలను తరలించే పనిలో ఉన్నారు.

రెండో యుద్ధం కథలు ఇంకా చిక్కు. 1941 డిసెంబరు 8న జపాన్ సేన మలయాలోని కోట బారు తీరంలో దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం సైన్యానికి చెందిన మొదటి హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ. తర్వాత 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అక్కడ యుద్ధఖైదీ అయిన మనిషి సొంత రివాల్వర్‌తో ఇంటికి వచ్చాడంటే, జపాన్‌వాళ్లు దాన్ని అతని దగ్గరే ఎందుకు ఉంచారో ఎవరైనా చెప్పాలి. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. కాగితంలో "19వ హైదరాబాద్ రెజిమెంట్" అని కనబడగానే మన నిజాం సైన్యమే అనుకుంటారు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రెజిమెంట్. పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పేరు వచ్చిందే గాని, అందులో ఎక్కువమంది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. జనరల్ తిమ్మయ్య పనిచేసింది ఆ రెజిమెంట్‌లోనే. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత బలగాలు వేరు.

ఆ తర్వాత 1948. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుంచి రాత్రుళ్లు విమానాల్లో హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం బయలుదేరింది, 18న జనరల్ ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయాడు. అటు ఊళ్లలో రజాకార్ల తుపాకులు, ఇటు సంఘం దళాల తుపాకులు, దొరల గడీల్లోని తుపాకులు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా అవి ఎన్ని చేతులు మారాయో లెక్క రాసినవాళ్లు లేరు. కాబట్టి తెలంగాణ పల్లెలో కూల్చిన గోడలోంచో అటక మీంచో ఆయుధం దొరికితే నేను ముందుగా 1948 నుంచి 51 వరకూ ఆ ఇల్లు ఎవరిదని అడుగుతాను. కొన్ని ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబు రాదు. రాకపోవడమూ ఒక జవాబే అనుకుని ముందుకు పోతాను.

గోదావరి జిల్లాల వైపు కథ కొంచెం సులువు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఇంటికో సైనికుడిని పంపిన ఊరని పేరు. అటువంటి ఊళ్లలో రిటైరైన సుబేదార్లకు లైసెన్సుంటే ఆ పుస్తకమూ, డిశ్చార్జి కాగితాలూ బీరువాలో కట్టగట్టి ఉంటాయి. హైదరాబాద్ ఇళ్లలో పాత లైసెన్సులు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీలో ఉంటాయి. 1353 ఫసలీ అని కనబడితే 590 కలుపుకోండి, 1943 వస్తుంది. ఆ ఉర్దూ కాగితాన్ని పాతబస్తీలో చదివించుకోవడానికి బద్ధకించి చెత్తలో వేసినవాళ్లు నాకు తెలుసు. పిస్తోలు కంటే ఖరీదైనదాన్ని పారేసుకున్నారని వాళ్లకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

శత్రువు దగ్గర దొరికిన పిస్తోళ్లు మన దేశంలోకి రాలేదని కాదు, వచ్చాయి. గాంధీజీని చంపిన బెరెట్టా 1934లో ఇటలీలో తయారైంది. అబిసీనియాలో ఇటలీ అధికారి నుంచి గ్వాలియర్ సేనకు చెందిన అధికారి చేతికి వచ్చి, అలా గ్వాలియర్ చేరిందని చెబుతారు. బర్మా నుంచి జపాన్ కత్తులూ, నంబూ పిస్తోళ్లూ కూడా అలాగే వచ్చాయి.

ఇక లోహం మీద ఏం రాసి ఉందో చూద్దాం. మంచి వెలుతురు, ఒక భూతద్దం చాలు. నిపుణుడు పట్టుకుంటాడు, మీరు పక్కన నిలబడి రాసుకోండి. బ్రిటిష్ సైన్యం ఆస్తి అయితే బాణం ములికి లాంటి గుర్తు ఉంటుంది. దానితోపాటు "ఐ" అక్షరం ఉంటే భారత ప్రభుత్వానికి చేరినదని అర్థం. రెండు బాణాలు ఎదురెదురుగా మొనలు తాకేలా ఉంటే సైన్యం దాన్ని అధికారికంగా బయటికి అమ్మేసిందన్నమాట. ఆ గుర్తు మీకు కొండంత అండ. 1813 నుంచి నడుస్తున్న బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలుంటే పౌర మార్కెట్ కోసం పరీక్షకు వెళ్లిందని తెలుస్తుంది. వెబ్లీ ఆరో నమూనా రివాల్వర్ మీద తయారీ ఏడాదే చెక్కి ఉంటుంది. అది 1915లో సైన్యంలోకి వచ్చింది, ఆరంగుళాల గొట్టం, ఆరు తూటాలు, కిలో పైచిలుకు బరువు. జపాన్ 14వ నమూనా నంబూ మీద "18.6" లాంటి అంకెలు కనబడతాయి. అది జపాన్ చక్రవర్తి పాలనా సంవత్సరం. 1925 కలిపితే 1943 జూన్ అని తేలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నంబరు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి వెళ్లాయి. ఒక్కో పిస్తోలుకు ఒక్కో నంబరు, ఆ నంబర్లన్నీ కంపెనీ పుస్తకంలో ఉన్నాయి. తర్వాత ఏళ్ల తరబడి బెంగాల్‌లో ఎక్కడ ఏ మౌజర్ పట్టుబడినా, అది ఆ యాభైలో ఒకటా కాదా అని పోలీసులు తేల్చగలిగారు.

భగత్ సింగ్ పిస్తోలు సంగతి ఇంకా వింత. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్‌ను కాల్చిన ఆ కోల్ట్ పిస్తోలు కోర్టు రికార్డులో 168896 నంబరుతో నమోదైంది. తర్వాత అది ఏమైందో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పంజాబ్‌లోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రం నుంచి 1969లో ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం మ్యూజియానికి మిగతా ఆయుధాలతో పాటు చేరింది. తుప్పు పట్టకుండా దాని మీద నల్ల రంగు పూసేశారు. చూసేవాళ్లకు అదొక పాత పిస్తోలు, అంతే. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ రంగు గీకి చూస్తే నంబరు కనబడింది, రికార్డుతో సరిపోయింది. ఇప్పుడు అది పంజాబ్‌లో హుస్సేనీవాలా మ్యూజియంలో ఉంది. ఆ కోల్ట్ నమూనాలు లక్షల్లో తయారయ్యాయి. నంబరు కనబడక ముందూ, కనబడ్డాకా ఇనుము అదే. కాగితం తోడు వచ్చింది, అంతే తేడా. మీ ఇంటి పిస్తోలు నంబరును ఎవరో ఆకురాయితో అరగదీసి ఉంటే మాత్రం విలువ మాట అక్కడితో ఆపేసి వకీలుతో మాట్లాడండి. గుర్తింపు నంబరు చెరిపేయడం చట్టంలో విడిగా ఒక నేరం.

స్థితి సంగతి. ఇక్కడ మనవాళ్లు చేసే పాపం ఒక్కటే, తోమడం. దీపావళికి ఇత్తడి సామాను తోమినట్టు చింతపండూ, గరుకు కాగితమూ పట్టుకుని ఇనుము తెల్లబడేదాకా రుద్దుతారు. ఇంకా శ్రద్ధ ఉన్నవాళ్లు నికెల్ పూత వేయిస్తారు. పాత ఆయుధం మీది నీలినలుపు పూత ఫ్యాక్టరీలో వేసినది. అది అరవైపాళ్లు పోయి, మిగిలిన నలభై పాళ్లు అసలుదైతే, సేకర్తలు దానికే ఎక్కువ ఇస్తారు. కొత్తగా వేయించిన నూరుపాళ్ల పూతకు ముఖం తిప్పుకుంటారు. రుద్దుడుకు బాణం గుర్తులూ, ముద్రల అంచులూ అరిగిపోతే అవి మళ్లీ రావు. పైపైన ఉన్న తుప్పు వేరు, ఇనుమును తిని గుంటలు చేసిన తుప్పు వేరు. మొదటిది పలచని నూనెతో మెత్తటి గుడ్డతో ఆగుతుంది, రెండోది ఎవరూ బాగుచేయలేరు. కొబ్బరినూనె రాయకండి, ముక్కి జిగురై కూర్చుంటుంది. ఇంకొకటి, తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు చెమ్మ తగిలితే ఇనుమును తింటాయి. అలాగని ఒరను పారేయకండి. యుద్ధకాలపు అసలు ఒర, అందులో పిడికి కట్టే తాడు దొరికితే వాటికీ విలువుంది.

ఆ తర్వాత నిపుణుడు గొట్టం లోపలికి దీపం వేసి చూస్తాడు. లోపల మెలితిరిగిన గాడులు పదునుగా, మెరుస్తూ ఉన్నాయా, లేక వర్షాకాలంలో మట్టిరోడ్డులా ఉన్నాయా అని. రివాల్వర్ అయితే తూటాల చక్రం గొట్టానికి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడుతోందా, ఊగుతోందా చూస్తాడు. జర్మన్ లూగర్ అయితే చిన్న చిన్న భాగాల మీద కూడా నంబర్లుంటాయి, అన్నీ కలవాలి. ఒక్క ముక్క వేరే పిస్తోలుదైతే ధర పడిపోతుంది. బ్రిటిష్ ఎన్‌ఫీల్డ్ రెండో నమూనా రివాల్వర్లలో 1938 తర్వాత సుత్తి మీది కొక్కెం తీసేశారు, ట్యాంకుల్లో బట్టలకు తగులుకుంటోందని అంటారు. పాతవాటిని కూడా మరమ్మతుకు వచ్చినప్పుడు అలాగే మార్చారు. కొక్కెం మిగిలి ఉన్న పాతది దొరికితే సేకర్తల కళ్లు మెరుస్తాయి. అమెరికాలో వెబ్లీలను అక్కడి పాయింట్ 45 తూటా పట్టేలా చక్రం వెనకభాగం గీకేసి అమ్మారు. అలా గీకినవాటికి ఇవాళ విలువ తక్కువ.

ఇంతవరకూ చెప్పింది ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. ఇక మన దేశంలో మాత్రమే చెల్లే లెక్క చెబుతాను.

మన ఆయుధ నియమాల్లో "ప్రొహిబిటెడ్ బోర్" అనే మాట ఉంది. ఆయుధ వ్యాపారులు పీబీ అంటారు, మిగతావి ఎన్‌పీబీ. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే ఆయుధం పౌరుడి దగ్గర ఉండకూడదన్నది అందులోని ఆలోచన. సర్కారీ తూటాలు దొంగతనంగా బయటికి రాకూడదని బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన జాగ్రత్త. రైఫిళ్లలో పాయింట్ 303 అందుకే నిషేధం. చేతి తుపాకుల్లో పాయింట్ 380, పాయింట్ 455 అంచు తూటాలు, సైనిక 9 ఎం.ఎం. తూటా పట్టేవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఇప్పుడు యుద్ధంలో వాడిన పిస్తోళ్లను గుర్తు చేసుకోండి. వెబ్లీ ఆరో నమూనాది పాయింట్ 455. ఎన్‌ఫీల్డ్ రెండో నమూనాది పాయింట్ 380. లూగర్, వాల్తర్ పి38, కెనడాలో తయారైన ఇంగ్లిస్ బ్రౌనింగ్, ఇవన్నీ 9 ఎం.ఎం. అంటే ఏ పిస్తోలు నిజంగా యుద్ధం చూసిందో, అదే మన చట్టంలో నిషేధం. ఆ లైసెన్సు పోలీస్ కమిషనర్ చేతిలోది కాదు, కేంద్ర హోంశాఖ ఇవ్వాలి. దాన్ని కొనగలిగేవాడికీ అదే లైసెన్సు ఉండాలి. అలాంటి కొనుగోలుదారు మీకు ఎక్కడ దొరుకుతాడు?

అదే సమయంలో, యుద్ధంతో పెద్దగా సంబంధం లేని పాయింట్ 32 జేబు పిస్తోలు సంగతి చూడండి. వాల్తర్ పీపీకే, కోల్ట్, వెబ్లీ అండ్ స్కాట్ వంటి కంపెనీలవి 1930ల్లో, 50ల్లో షోకుగా కొనుక్కున్నవి. పాయింట్ 32 నిషేధంలో లేదు. 1980ల నడిమి నుంచి పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. లైసెన్సు ఉన్నవాళ్లు పెరిగారు, విదేశీ సరుకు పెరగలేదు. కాబట్టి లైసెన్సుదారుల మధ్య మంచి స్థితిలో ఉన్న పాయింట్ 32 విదేశీ పిస్తోలు లక్షల్లో పలుకుతుంది, చరిత్ర ఏమీ లేకపోయినా సరే. కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసే పాయింట్ 32 రివాల్వర్ కూడా వెబ్లీ నాలుగో నమూనా నుంచి పుట్టిందే. యుద్ధంలో పాయింట్ 380గా ఉన్నదాన్ని కొలత తగ్గించి పౌరుడికి అమ్ముతున్నారు.

ఇది విన్నాక మా పాయింట్ 380లో పాయింట్ 32 గొట్టం వేయించుకోవచ్చా అని అడిగిన తెలివైనవాళ్లున్నారు. అది ఇంకో నేరం, పైగా వస్తువు కూడా పాడవుతుంది. కొలత కలవకపోతే ఏమవుతుందో 1940 మార్చి 13న లండన్ కాక్స్‌టన్ హాల్లో తెలిసింది. ఉధమ్ సింగ్ చేతిలో ఉన్నది పాయింట్ 455 రివాల్వర్, అందులో వేసినవి పాయింట్ 44 పాత తూటాలు. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయర్‌ను మెచ్చుకున్న ఓడ్వయర్ చనిపోయాడు గాని, తగిలిన మిగతావాళ్లు బతికారు. వదులుగా వెళ్లిన తూటాల్లో జోరు లేదు.

డాలస్‌లో ఉన్న మేనబావ పంపే ధరల సంగతి. అమెరికాలో 1898, అంతకు ముందు తయారైనది ప్రాచీన ఆయుధం, మామూలు తుపాకీ నియమాలు చాలావరకు వర్తించవు. యాభై ఏళ్లు దాటినది సేకర్తల వస్తువు. అక్కడ నంబర్లు కలిసిన లూగర్ వెయ్యి డాలర్ల పైమాటే. ఆ అంకెకు మాదాపూర్‌లో అర్థం లేదు. ఇక్కడి నుంచి అక్కడికి పంపే దారి లేదు. ఆయుధ ఎగుమతికి లైసెన్సు కావాలి. వందేళ్లు దాటిన పురావస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మామూలు మనిషి దేశం దాటించడమే నిషేధం. మొదటి యుద్ధం నాటి వెబ్లీలు ఈపాటికి ఆ వందేళ్లు దాటేశాయి.

"వందేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు కదా?" ఇది నేను ఎక్కువసార్లు విన్న అపోహ. ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు, పురావస్తు విలువ ఉన్న, లేదా పాడైన ఆయుధానికి మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ వాక్యం చివరిదాకా చదవాలి. మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. అంటే గొట్టం మూసుకుపోయి, చక్రం బిగుసుకుపోయినా, మిస్త్రీ బాగుచేస్తే పేలేదైతే అది తుపాకీయే. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ క్యూరియో కోవకు చెందిన చిన్న ఆయుధాలను ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని సడలించింది. వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా లైసెన్సు ఉండాల్సిందే, తూటాలు అమ్మరు. మీ వస్తువు ఆ కోవలోకి వస్తుందో లేదో సోఫాలో కూర్చుని మీరు తేల్చుకునేది కాదు. పేలుతుందా పేలదా అన్న తగవు కేసుదాకా వెళ్తే, రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ ఆయుధ నిపుణుడి మాటే ముందు నిలుస్తుంది.

లైసెన్సు ఉన్న, నిషేధంలో లేని పిస్తోలు అయితే వారసులకు దారి ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారు చనిపోయాకే కాదు, డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లు తన దగ్గర ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చవచ్చు. ఈ సంగతి తెలియక తండ్రి పోయాక పరుగులు పెట్టేవాళ్లే ఎక్కువ. మిగతా వారసుల అభ్యంతరం లేదన్న కాగితాలు, ఆయుధం సురక్షితంగా వాడే శిక్షణ పొందిన ధ్రువపత్రం అడుగుతారు. సైబరాబాద్ పరిధిలో ఆ దరఖాస్తు పోలీస్ కమిషనర్ దగ్గరికి వెళ్తుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి ఆయుధాలు కుదరవు, వారసత్వంగా వచ్చినా సరే. పైగా ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో జమ చేసి, అయిపోయాక తెచ్చుకునే తిరుగుడు ఉంటుంది. అన్నీ విని చాలామంది అమ్మేస్తామనే అంటారు. నా అభిప్రాయం అడిగితే, పాయింట్ 32 అయితే అమ్మేయండి, అదే మేలు. అపార్ట్‌మెంట్ ఇరవయ్యో అంతస్తులో చిన్నపిల్లలున్న ఇంట్లో దాని అవసరం నాకు కనబడదు. నిషేధిత కొలతది అయితే అమ్మకం ఆశ వదులుకోండి.

అన్నదమ్ముల మధ్య ఎవరికి ఏది అన్న పంచాయతీ వస్తే ఒక మాట చెబుతూ ఉంటాను. పిస్తోలు ఠాణాకు వెళ్లిపోయినా, తోలు ఒర, డిశ్చార్జి పుస్తకం, పాత లైసెన్సు, పతకాలు ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందులో పతకాలను ముందు చూడండి. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ పతకం అంచు మీద సైనికుడి పేరూ, దళమూ చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో మన సైన్యం వాళ్లకిచ్చిన వాటి మీద కూడా సాధారణంగా ఉంటాయి. వాటిని కూడా బ్రాసో పెట్టి తోమి ఉండకపోతే, తాత ఏ సైన్యంలో ఉన్నాడో, ఇంట్లో చెప్పుకునే కథ ఎంతవరకు నిలుస్తుందో అక్కడే తేలిపోతుంది.